ఉక్కపోత ఊళ్లో ఊలు పని

ఊలు, నూలు, రంగులు, అల్లికల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. మావారికి బదిలీ అయి రాజోలు దగ్గర ఊరికి వచ్చి ఏడాది దాటింది. పెళ్లికి ముందు బెంగళూరులో ఫెల్టింగ్ (నేత లేకుండా, ఊలును సబ్బు నీళ్లతో రుద్ది బట్టగా పట్టించే పని) నేర్చుకుని బ్యాగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్మేదాన్ని. ఇక్కడ ఊలు సంచి విప్పితే చాలు, ‘దుప్పటి కప్పుకుంటేనే చెమటలు కారతాయి, ఊలేంటమ్మా’ అని నవ్వుతున్నారు. మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేదు. కొబ్బరిచెట్లు, పడవలు, గోదావరి రేవులు ఫెల్ట్‌లో బొమ్మలుగా చేస్తే ఊరివాళ్లకు నచ్చుతాయేమో, కాస్త దగ్గరవుతానేమో అనిపిస్తోంది. మీరూ బయటి నుంచి వచ్చినవారే కదా, ఎక్కడ మొదలుపెట్టమంటారు?
(ఒక చెల్లెలు, రాజోలు)

జవాబు: చెల్లీ, కొబ్బరిచెట్టు బొమ్మలు చెయ్యి, తప్పేం లేదు. దిండి రిసార్టులకు వచ్చేవాళ్లు కొనుక్కుంటారు. ఊరివాళ్లు కొనరు. తలుపు తీస్తే అసలు చెట్టే ఎదురుగా ఉంటే ఊలు చెట్టు వాళ్లకెందుకు? ‘బాగుందమ్మా’ అని ఒక మాట అనేసి వెళ్లిపోతారు. నీకు కావలసింది ఆ మాట కాదనుకుంటా.

నాది పాలమూరు. కురుమల ఇల్లు. మా నాయన గుంటమగ్గం మీద గొంగళ్లు నేసేవాడు. అవ్వ వడికిన నల్ల ఊలు దారానికి చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన రోజు వీధంతా ఆ వాసనే. నేత నాకు అబ్బలేదు, ఊలును మాత్రం వదల్లేక ఫెల్టింగ్‌లోకి వచ్చాను. మావారి ఉద్యోగం పుణ్యమా అని అమలాపురం అవతల ఒక కాలవగట్టు ఊళ్లో అద్దెకు దిగాం. నన్ను చూసీ ఇలాగే నవ్వారు. వాళ్లననేదేముంది, చెమటలు కక్కుకుంటూ ఊలు మూటలు దించుతుంటే నాకే నవ్వొచ్చింది.

నాకు తెలిసొచ్చింది ఒకటే. మనం చేసింది చూపిస్తే ఎవరూ దగ్గరకు రారు. పనికి కావలసింది అడగడానికి మనం వాళ్ల గడప ఎక్కితే వస్తారు. ఫెల్టింగ్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, ఇది అడగకుండా జరిగే పని కాదు.

ముందు నీళ్లు. ఇంటి బోరు నీళ్లు కాచి సబ్బు కలిపితే నురగ రాలేదు, పైన తెల్లగా తెట్టు కట్టింది. సముద్రం దగ్గర ఊళ్లలో భూమిలో నీళ్లు ఉప్పన, పైగా కాల్షియం. సబ్బు దానితో కలిసి ముద్దయి ఊలుకు అంటుకుంటుంది, పొరలు కలవవు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, ‘బోరు నీళ్లకి నురగొస్తదేంటమ్మాయ్, మా తలంట్లకే కాలవ నీళ్లు వాడతాం’ అన్నారు. ఆవిడ వెంట బిందె పట్టుకుని రేవుకు వెళ్లాను. ఆ రేవులో వినబడినన్ని కబుర్లు ఇంట్లో కూర్చుంటే జన్మలో వినేదాన్ని కాదు. ఎవరి కోడలు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి లంక భూమి ఏ వరదకు కోసుకుపోయిందో అన్నీ అక్కడే తెలిశాయి.

వరద నెలల్లో కాలవ ఎర్రగా పారుతుంది. ఆ నీళ్లలో తెల్ల ఊలు ముంచితే మట్టి రంగు పట్టేస్తుంది. దానికి మందు చివరింటి బామ్మగారు చెప్పారు. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి రాత్రంతా కదపకుండా ఉంచమన్నారు. పొద్దునకు బురద అడుక్కి దిగి పైన తేట నీళ్లు మిగిలాయి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక మాత్రం పట్టి ఉంచుకున్న వాన నీళ్లే గతి. నువ్వూ ఇప్పుడే ఒక డ్రమ్ము కొని చూరు కింద పెట్టుకో.

సబ్బు విషయంలో ఈ నేల మనకు మేలే చేసింది. అన్ని సబ్బులూ ఉప్పు నీళ్లలో చేతులెత్తేస్తాయి, కొబ్బరినూనెతో చేసిన సబ్బు మాత్రం సముద్రపు నీళ్లలో కూడా నురగనిస్తుంది. ఓడల్లో పనిచేసేవాళ్లు అదే వాడేవారు. కొబ్బరినూనె సబ్బు ఒకటి తురిమి వేడి నీళ్లలో కరిగించి సీసాలో పోసుకో. నీళ్లు కాచడానికి పెరట్లో కాగు, కింద కొబ్బరి డొక్కలు. డొక్కలు కూడా పిన్నిగారి దొడ్లోవే.

ఇక చుట్టడం. తుంగచాప మీద ఊలు పొర మీద పొర అడ్డం నిలువు పరిచి, సబ్బు నీళ్లు చిలకరించి, అరచేత్తో ముందు ఊరికే ఒత్తాలి. గాలి బయటికి పోయి ఊలు నేలకు అణిగాక మెల్లగా రుద్దాలి. వేళ్లతో పైపొర గిల్లి ఎత్తి చూడు, పోగులు విడివిడిగా లేస్తే ఇంకా కాలేదు, బట్టంతా కలిసి లేస్తే పట్టింది. అప్పుడు చాపతో పాటు చుట్ట చుట్టి, తాడు కట్టి, ముందుకీ వెనక్కీ దొర్లించడమే. కాసేపటికి విప్పి, దిక్కు మార్చి, మళ్లీ చుట్టాలి. నడుము పడిపోయే పని ఇదే. నేను దీన్ని వీధి అరుగు మీద పెట్టుకున్నాను. బడి వదిలాక పిల్లలు వచ్చి కాళ్లతో దొర్లిస్తాం అన్నారు. మధ్య ఆసియాలో గుర్రాల చేత లాగించే పని అది. ఇక్కడ రెండో తరగతి చాలు. పిల్లల వెనకే వాళ్ల అమ్మలు వచ్చారు.

ఊలు ఈ ఊరికి కొత్త అనుకున్నది కూడా నేనే. బామ్మగారు తడి ఫెల్ట్ ముక్క చేత్తో తడిమి, ‘మా అత్తగారు ధావళి కట్టుకుని వంట చేసేది, వేసంకాలంలో కూడా’ అన్నారు. ధావళి అంటే ఊలు బట్ట. మడికి పట్టు, కాకపోతే ఊలు. తనకో ఆసనం చేసిపెట్టమని కొలత ఇచ్చారు, పీట మీద సరిపోవాలట. ఊలుకు మైల అంటదు అని ఆవిడే చెప్పారు. చేసిన చేతుల సంగతి ఆవిడ అడగలేదు, నేనూ ఎత్తలేదు. అది చూసి ఇంకో ఇద్దరు అడిగారు. నేను ఈ ఊళ్లో చేసిన మొదటి అమ్మకం బొమ్మ కాదు, జపానికి కూర్చునే ఆసనం.

అందుకని నా సలహా: బొమ్మలు పక్కన పెట్టు. ఆసనాలు, చెప్పుల్లో వేసుకునే అట్టలు, వేడి గిన్నె కింద పెట్టే మ్యాట్లు చెయ్యి. నీళ్లిచ్చినావిడకు ఒకటి ఊరికే ఇవ్వు, మిగతావాళ్లకు డబ్బు తీసుకునే ఇవ్వు. ఊరికే పంచిపెడితే నీ పనిని కాలక్షేపం అనుకుంటారు. మనసు విప్పి మాట్లాడే మనిషి లేదని టెన్షన్ పడకు. ముందు నీళ్ల గురించి, సబ్బు గురించి మాట్లాడు. మిగతావి ఆ వెనక వస్తాయి, కొన్ని రావు కూడా. నాకు పాలమూరు మాట మాట్లాడాలని ఉంటే ఇప్పటికీ ఫోనే దిక్కు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఊరి చుట్టూ గొర్రెల మందలు తిరుగుతుంటాయి. ఆ ఊలు వాడొచ్చా? కొనే పని లేకుండా పోతుంది కదా.
(ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: వాడలేమండీ. మన వైపు మందల్లో ఎక్కువగా కనబడేవి నెల్లూరు జాతి. పల్ల అన్నా, జోడిపి అన్నా అవే. వాటి ఒంటి మీద ఉండేది ఊలు కాదు, వెంట్రుక. మాంసానికి పెంచుతారు, కత్తిరించే పనే లేదు. గొర్రె అనగానే ఊలు అని మనం బడి పుస్తకాల్లో చదువుకున్నాం గానీ అన్ని గొర్రెలూ ఆ పుస్తకం చదవలేదు.

తేడా ఎక్కడుందంటే, చేపకున్నట్టే ఊలు పోగుకూ పొలుసులుంటాయి, కంటికి కనబడనంత చిన్నవి. అన్నీ కొస వైపే తిరిగి ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే పోగు ఒక వైపుకే జరుగుతుంది, వెనక్కి రాలేదు. అలా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బట్ట అవుతుంది. కుట్టు లేదు, నేత లేదు. ఊలు పోగుకు సహజంగా ఉండే వంకర కూడా దీనికి సాయం. నెల్లూరు గొర్రె వెంట్రుక తిన్నగా, మొద్దుగా ఉంటుంది. ఎంత రుద్దినా చేతులు నొప్పి తప్ప ఏం మిగలదు.

కావలసింది దక్కనీ గొర్రె ఊలు. మా పాలమూరు వైపు, అటు కర్ణాటక, మహారాష్ట్ర మెట్టల్లో దొరుకుతుంది. నలుపు, ముదురు గోధుమ, బూడిద రంగుల్లో ఉంటుంది, గరుకు. మెల్లగా పడుతుంది గానీ పట్టాక ఆసనాలకు, అట్టలకు దాన్ని మించింది లేదు. ఒంటికి తగిలే స్కార్ఫులకు మాత్రం పనికిరాదు, దురద పెడుతుంది. మెత్తనిది కావాలంటే మెరినో జాతి గొర్రె ఊలు. కొడైకెనాల్ కొండల మీద మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఊలు పరిశోధన సంస్థ వారి దక్షిణాది కేంద్రం ఉంది, అక్కడ భారత్ మెరినో గొర్రెలను పెంచుతారు. చాలామంది దువ్వి సిద్ధం చేసిన మెరినోను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, మొదట నేర్చుకోవడానికి అదే నయం.

ఏ ఊలైనా కొనేముందు చిటికెడు అడిగి తీసుకోండి. వేడి నీళ్లు, సబ్బు వేసి అరచేతుల మధ్య ఉండలా తిప్పండి. కాసేపటికి గట్టి గోళీ అయితే కొనండి. విడిపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొలత కూడా గుర్తుంచుకోండి, ఫెల్ట్ అయ్యాక ఇంచుమించు మూడో వంతు కుంచించుకుపోతుంది. 12 అంగుళాల మ్యాట్ కావాలంటే 18 అంగుళాలు పరవాలి.

ప్రశ్న: అమ్మా, నేను చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతున్నాను. మీ ఊలు పని గురించి మా అమ్మాయి చదివి వినిపించింది. మా లేసుకు, ఊలుకు పొత్తు కుదురుతుందా? కుట్టి అతికించడం కాదు, కలిసిపోవాలి.
(లేసు పనివారు ఒకరు, నరసాపురం)

జవాబు: నాకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఇదే ఇష్టమైంది. కుదురుతుందండీ, భేషుగ్గా. పలుచని బట్టలోకి ఊలు దూర్చి కలిపే పద్ధతిని 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో పాలీ స్టర్లింగ్ అనే కళాకారిణి వాడుకలోకి తెచ్చారు, నూనో ఫెల్టింగ్ అంటారు. మామూలుగా సన్నటి పట్టు మీద చేస్తారు. మీ లేసుకు కన్నాలు పుట్టుకతోనే ఉన్నాయి, ఊలుకు అంతకంటే ఏం కావాలి?

లేసును ముందు వేడి నీళ్లలో ఉతికి గంజి అంతా వదలగొట్టండి. సన్న మెరినోనే తీసుకోండి, దక్కనీ పోగు లావుగా ఉండి లోపలికి పోదు. కింద ఊలు బాగా పలచగా, వెనక చాప కనబడేలా పరవండి. మీద లేసు వెయ్యండి. ఇక్కడ వేడి నీళ్లు వద్దు. గోరువెచ్చటి కంటే చల్లగా ఉన్న నీళ్లే పోసి, పైన దోమతెర గుడ్డ కప్పి, బలం పెట్టకుండా అరచేత్తో చాలాసేపు నిమరాలి. తొందరపడి వేడి పోస్తే ఊలు తనలో తాను చిక్కుకుంటుంది, లేసు పైనే మిగిలిపోతుంది.

ఎప్పుడు ఆపాలంటే, దోమతెర తీసి లేసును వెలుతురుకు అడ్డంగా కంటి దగ్గర పెట్టుకుని చూడండి. పువ్వు రేకుల మీద, దారం ముడుల మధ్యనుంచి సన్నటి నూగు పైకి వచ్చి కనబడుతుంది. అది కనబడితే ఊలు ఇవతలికి వచ్చేసినట్టే. ఇక వేడి నీళ్లు పోసి చుట్టి దొర్లించండి. ఊలు కుంచించుకుంటుంది, నూలు కుంచించుకోదు. అందుకని లేసు పువ్వులు ముడతలు పడి ఉబ్బి పైకి లేస్తాయి. మీరు కొలిచి అల్లిన డిజైను వంకర తిరిగిందని మొదట బాధనిపించొచ్చు. మా పక్క వీధి లేసు అత్తయ్య తన పువ్వు అలా అయ్యాక కాసేపు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆవిడే, ఎంత వదులుగా అల్లితే ఎంత ఉబ్బుతుందో లెక్క కట్టి, కావాలని ఒక రేకు బిగించి ఒక రేకు వదిలి అల్లడం మొదలుపెట్టారు. ఆ లెక్క నాకు ఇప్పటికీ రాదు. మీకు వస్తుంది.

డబ్బు విషయం కూడా చెప్పనివ్వండి. స్కాట్లండు మిషనరీల కాలం నుంచి, అంటే 19వ శతాబ్దం నుంచి మీ వాళ్లు ఇళ్లల్లో కూర్చుని అల్లుతున్నారు. ఏజెంటు దారం తెస్తాడు, అల్లింది పట్టుకుపోతాడు, ఆ తర్వాత అది ఎక్కడ ఎంతకు అమ్ముడయిందో అల్లినామెకు తెలియదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. గుర్తింపు ఊరికి వచ్చింది, అల్లిన మనిషికి కూడా రావాలి కదా. ఎవరైనా ఫెల్ట్ ఆర్టిస్టు మీ లేసు అడిగితే గజాల లెక్కన అమ్మకండి. ముక్కకు ధర చెప్పండి, ట్యాగ్ మీద మీ పేరు వెయ్యమనండి. ఫెల్ట్ చేసినామె పేరు పెద్దక్షరాల్లో ఉండి లేసు అల్లినామె పేరు ఎక్కడా లేకపోతే నాకు ఒళ్లు మండిపోతుంది.

ప్రశ్న: మా తాతల కాలంలో వలలకు మడచెట్టు బెరడు రంగు వేసేవారు. ఊలుకు ఆ రంగు ఎక్కుతుందా?
(ఒక పాఠకుడు, తాళ్లరేవు)

జవాబు: ఎక్కుతుందండీ, ఆ బెరడులో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. కానీ వద్దు. కోరింగ మడ అడవి 1978 నుంచి అభయారణ్యం, బెరడు ఒలవడం నేరం. తుపాను వచ్చినప్పుడు అడ్డుండేది ఆ చెట్లే, మీకు నేను చెప్పాలా.

అదే జాతి గోధుమ రంగు కొబ్బరి డొక్కలు ఇస్తాయి. ముక్కలు కొట్టి రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఉడికించి వడకట్టండి. పసుపు రంగుకు బంతిపూలు. కడియపులంక పూల మార్కెట్లో సాయంత్రానికి మిగిలి వాడిపోయినవి చాలు. 100 గ్రాముల ఊలుకు 10 నుంచి 15 గ్రాముల పటిక ముందే పట్టించాలి, లేకపోతే రంగు నిలవదు. డొక్క రంగులో తుప్పు మేకుల నీళ్లు కొద్దిగా కలిపితే బూడిద రంగు వస్తుంది, ఎక్కువైతే ఊలు పెళుసెక్కుతుంది. పొయ్యి మీద మెల్లగా వేడెక్కించి, గిన్నెలోనే చల్లారనివ్వండి. కుతకుత ఉడికిస్తే రంగుతో పాటు ఫెల్ట్ కూడా అయిపోతుంది. వంట గిన్నెలు మాత్రం దీనికి వాడకండి.

ప్రశ్న: శ్రావణంలో చేసిన ఫెల్ట్ ఎన్నాళ్లకీ ఆరడం లేదు. పైగా బీరువాలో పెట్టినవాటికి కన్నాలు పడుతున్నాయి.
(ఒక పాఠకురాలు, ముమ్మిడివరం)

జవాబు: ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి పొడిగానే తగులుతుంది. మన గాలిలో అది పూర్తిగా ఆరదు, ఆరిందని మనం మోసపోతాం. సబ్బు పోయేదాకా కడిగి, చివరి నీళ్లలో కొంచెం వెనిగర్ వేసి, పాత తువ్వాల్లో చుట్టి తొక్కి నీరు పిండేయండి. తర్వాత నులక మంచం మీద పరిచి ఫ్యాను వేయండి. తీగ మీద వేలాడదీస్తే సాగుతుంది.

కన్నాలు చేసేది ఊలు పురుగు. వేపాకు వేశాం కదా అని ధీమాగా ఉండకండి, దాన్ని నమ్ముకుని బ్యాగులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గాలి చొరకుండా కవర్లో కట్టి ఫ్రిజ్ పైన గడ్డకట్టే అరలో వారం పాటు ఉంచండి, గుడ్లతో సహా పోతుంది. నెలకోసారి బయటికి తీసి దులిపి ఎండ చూపించండి. కదపకుండా ఉన్న ఊలంటేనే దానికి ఇష్టం.

ప్రశ్న: ఊలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించడం దేనికండీ? కోనసీమలో పీచు గుట్టలుగా పడి ఉంది. కొబ్బరి పీచుతో ఫెల్టింగ్ చెయ్యలేమా?
(ఒక కొబ్బరి రైతు, అంబాజీపేట)

జవాబు: చేత్తో, సబ్బు నీళ్లతో అయితే అవదండీ. పీచుకు పొలుసుల్లేవు, ఎంత రుద్దినా పీచు పీచే. కాకపోతే ఫ్యాక్టరీల్లో ముళ్ల సూదులతో వేలసార్లు పొడిచి పీచును పరుపులా పట్టిస్తారు, కాయిర్ ఫెల్ట్ పేరుతో అమ్ముతారు, పరుపుల్లో వాడతారు. దానికి యంత్రం కావాలి, నా అరుగు మీద జరిగేది కాదు.

నేను చేసేది ఒకటుంది. మెత్తగా దువ్విన పీచు కొద్దిగా, కింద పైన దక్కనీ ఊలు పెట్టి మధ్యలో ఇరికిస్తాను. ఊలు పడుతుంది, పీచు దాని గుప్పిట్లో ఉంటుంది. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలకు బాగుంది. పీచు ఎక్కువైతే అంచుల్లో బయటికి పొడుచుకొస్తుంది, బరువులో నాలుగో వంతు మించనివ్వను. మీ దగ్గర పొట్టు దులిపేసిన మంచి పీచు ఉంటే ధర రాసి పంపండి, నేను కొంటాను.